ఖాళీ జాగాకీ లెక్క ఉండాలి

మన పొలం దస్తావేజు, బ్యాంకులో మన ఖాతా, ఆసుపత్రిలో ఇచ్చిన రక్తపరీక్ష ఫలితం, పిల్లల పదో తరగతి మార్కులు. ఇవన్నీ ఇవాళ ఏదో ఒక డేటాబేస్‌లో ఉన్నాయి. వాటిని ఎవరూ కాజేయకుండా చూసుకోవాలని పత్రికలు, టీవీలు తరచూ చెబుతుంటాయి. అవి డిస్కు మీద ఎక్కడ ఉంటాయి, రేపు కొత్తగా వచ్చే దస్తావేజుకు జాగా ఎవరు చూపిస్తారు, చూపించడంలో ఆలస్యమైతే ఏమవుతుంది అన్న సంగతి మాత్రం ఎక్కడా కనపడదు. నా ఉద్యోగంలో సగం పని ఆ జాగా చూడటమే. ఆ లెక్కను పాత పద్ధతి నుంచి కొత్త పద్ధతికి మార్చడం గురించి, మార్చామని అనుకుని మార్చకుండా ఉండిపోవడం గురించి ఇక్కడ చెబుతాను.

నేను డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్‌ని. మాది విజయపురి సౌత్. మాచర్ల దగ్గర, నాగార్జునసాగర్ డ్యాంకు కుడిగట్టున ఉన్న ప్రాజెక్టు ఊరు. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి పేరే మా ఊరికి వచ్చింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ డ్యాంకు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఆ పనికి వచ్చినవాళ్ల కోసం కట్టిన క్వార్టర్లతోనే ఊరు పెరిగింది. మా నాన్న ప్రాజెక్టు ఆఫీసులో గుమస్తాగా చేసి రిటైరయ్యారు. నేను మాచర్లలో డిగ్రీ చదివి, హైదరాబాద్ వెళ్లి అమీర్‌పేటలో ఒరాకిల్ అనే డేటాబేస్ నేర్చుకున్నాను. అప్పటికి ఒరాకిల్ 8ఐ కొత్తగా వచ్చి ఉంది. అక్కడి మైత్రీవనం చుట్టుపక్కల జిరాక్సు నోట్సు కొనుక్కుని అందరం కమాండ్లు బట్టీ పట్టేవాళ్లం. ఆ నోట్సులో ‘లోకల్లీ మేనేజ్డ్ టేబుల్‌స్పేస్’ అని ఒక పేజీ ఉండేది. ఇంటర్వ్యూలో తప్పకుండా అడుగుతారని దాని పక్కన నక్షత్రం గుర్తు పెట్టుకున్నాం. అది ఎందుకు పుట్టిందో నాకు ఉద్యోగంలో చేరాకే తెలిసింది.

డిస్కు మీద ఒక వరుస

ఒరాకిల్ సమాచారాన్ని బ్లాకులుగా దాస్తుంది. సాధారణంగా ఒక బ్లాకు 8 కిలోబైట్లు. కంప్యూటర్లో తెలుగు రాసినప్పుడు అక్షరానికి, గుణింతపు గుర్తుకు, వత్తుకు ముందుండే పొల్లుకు సాధారణంగా విడివిడిగా 3 బైట్ల చొప్పున పడుతుంది. ఆ లెక్కన ఒక బ్లాకులో ఒకటి రెండు పుస్తకం పేజీల తెలుగు పడుతుందన్నమాట. పక్కపక్కనే ఉన్న కొన్ని బ్లాకులను కలిపి ఒకేసారి ఇస్తే దాన్ని ఎక్స్‌టెంట్ అంటారు. ఒక టేబుల్‌కు ఎక్స్‌టెంట్ ఒకటే ఉండొచ్చు, వేలల్లోనూ ఉండొచ్చు. టేబుళ్లన్నీ ఉండే ఆవరణ పేరు టేబుల్‌స్పేస్. డిస్కు మీద చూస్తే అది కొన్ని పెద్ద ఫైళ్లు, అంతే.

1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లోకి ‘కార్డ్’ ప్రాజెక్టుతో కంప్యూటర్లు వచ్చాయి. అప్పటినుంచి దస్తావేజు వివరాలు కంప్యూటర్లోకి ఎక్కడం మనవాళ్లకు అలవాటైంది. ఏ ఆఫీసులో ఏ కంపెనీ డేటాబేస్ ఉన్నా, టేబుల్లో ఒక వరుసను, అంటే ఒక పద్దును, రాసేముందు అది రెండు సంగతులు తేల్చుకోవాలి. ఈ టేబుల్‌కు ఇప్పటికే ఇచ్చిన బ్లాకుల్లో ఎందులో చోటుంది? ఎందులోనూ లేకపోతే కొత్త ఎక్స్‌టెంట్ ఎక్కడ దొరుకుతుంది? సెకనుకు వందల వరుసలు వచ్చేచోట ఈ రెండింటికీ జవాబు ఎంత త్వరగా దొరికితే పని అంత త్వరగా సాగుతుంది. కౌంటర్ దగ్గర మనం నిలబడే సమయంలో కొంత భాగం ఇక్కడే తేలుతుంది.

పుస్తకం ఒకటే, కలం ఒకటే

8ఐ వచ్చేదాకా ఒరాకిల్ ఎక్స్‌టెంట్ల లెక్కంతా ఒకేచోట పెట్టుకునేది. డేటా డిక్షనరీ అని ఆ డేటాబేస్ సొంత పట్టికలు కొన్ని ఉంటాయి. వాటిలో యూఈటీ డాలర్ అనే పట్టికలో వాడుకలో ఉన్న ఎక్స్‌టెంట్లు, ఎఫ్‌ఈటీ డాలర్ అనే పట్టికలో ఖాళీవి రాసి ఉండేవి. ఏ టేబుల్‌స్పేస్‌లో ఏ టేబుల్‌కు జాగా కావాలన్నా ఈ రెండు పట్టికలే దిక్కు.

నేను ఇంటి దగ్గర నుంచి ఒక సంస్థకు ఈ మార్పిడి పని చేస్తున్న రోజుల్లో నాన్న వచ్చి పక్కన కూర్చున్నారు.

“ఏందమ్మా, ఇంత రాత్రప్పుడు కూడా ఆ మిషను ముందే కూర్చున్నావు?”

“ఖాళీ జాగాల లెక్క మారుస్తున్నా నాన్నా. ఇన్నాళ్లూ అంతా ఒకచోటే రాసుకున్నారు. ఎక్కడిదక్కడే ఉండేట్టు చేస్తున్నా.”

“మా క్వార్టర్ల రిజిస్టరు లాగానా?”

“అచ్చం అదే.”

నాన్న ఉద్యోగంలో ఎక్కువ కాలం ఆ రిజిస్టరుతోనే గడిచింది. ఏ క్వార్టరు ఎవరికిచ్చారు, ఎవరు బదిలీ అయ్యారు, ఏది ఖాళీగా ఉంది అన్నది అందులోనే ఉండేది. కొత్తగా వచ్చిన ఇంజినీరైనా, వర్క్ ఇన్‌స్పెక్టరైనా, వాచ్‌మనైనా ఆ బల్ల దగ్గరికే రావాలి. “పుస్తకం ఒకటే, కలం ఒకటే గదమ్మా. ఒకరి పేరు రాసేదాకా ఎనకాలోళ్లు నిలబడాల్సిందే. ఖాళీ ఇళ్లు కళ్లముందు కనపడతానే ఉంటయ్. పుస్తకంలో ఎక్కందే తాళం చెవి ఇచ్చేదెట్టా?” అన్నారు.

ఒరాకిల్‌లో ఆ కలం ఒక తాళం, దాని పేరు ఎస్‌టీ ఎన్‌క్యూ. ఎక్స్‌టెంట్ ఇవ్వాలన్నా, తిరిగి తీసుకోవాలన్నా ఈ తాళం పట్టుకోవాలి. డేటాబేస్ మొత్తానికి అది ఒకటే. నేను ఈ మార్పిడి చేస్తున్న ఆ అప్పులిచ్చే సంస్థలో నెలాఖరు రాత్రి వడ్డీ లెక్కలు కట్టే ప్రోగ్రాములు నడిచేవి. అవి తాత్కాలికంగా టేబుళ్లు కట్టుకుని, పనవగానే తీసేసేవి. కట్టేటప్పుడు జాగా అడగాలి, తీసేటప్పుడు అప్పగించాలి. అన్నీ ఒకేసారి మొదలయ్యేసరికి తెరమీద ఏ సెషన్ దేనికోసం ఆగిందో చూపించే జాబితాలో పైనుంచి కిందిదాకా ఆ ఒక్క తాళం పేరే. ప్రాసెసర్ ఖాళీగా ఉంది. డిస్కుకు పెద్ద పని లేదు. జాగా కూడా దండిగా ఉంది. అయినా పని సాగడం లేదు. తెల్లారితే బ్రాంచీల్లో జనం వస్తారు.

ఆ లెక్క రాయడం కూడా తేలికైన పని కాదు. యూఈటీ, ఎఫ్‌ఈటీ కూడా పట్టికలే కాబట్టి, వాటిలో ఒక పద్దు మార్చినా దానికి అన్‌డూ, రీడూ (వెనక్కి తీసుకోవడానికి, మళ్లీ చేయడానికి) నమోదులు జరగాలి. వేల ఎక్స్‌టెంట్లున్న పాత టేబుల్‌ను తీసేస్తే, ఒక్కో ఎక్స్‌టెంట్ పద్దును ఒక పట్టికలో కొట్టేసి రెండో పట్టికలో రాయాలి. అది అయ్యేదాకా తాళం విడిచేది కాదు. తీసేయమని చెప్పిన కమాండ్ గంటలకొద్దీ నడవడం అప్పట్లో పనిచేసిన వాళ్లందరికీ తెలిసిన అనుభవం.

ఇంకో ఇబ్బంది సైజుల్లో ఉంది. పాత పద్ధతిలో పీసీటీ ఇంక్రీజ్ అని ఒక విలువ ఉండేది. మనం ఏమీ చెప్పకపోతే అది 50. మూడోది మొదలుకుని ప్రతి కొత్త ఎక్స్‌టెంట్ వెనకటిదానికంటే 50 శాతం పెద్దది కావాలని అర్థం. మొదటి రెండూ 100 బ్లాకులైతే తర్వాత 150, ఆ తర్వాత 225. ఆపైన 337న్నర కావాలి, బ్లాకును విరగ్గొట్టలేరు కాబట్టి 5 గుణిజానికి సరిచేసి 340. ఇలా ఒక్కో టేబుల్ ఒక్కో కొలతలో జాగా పట్టుకుంటుంది. కొన్నాళ్లకు ఒక టేబుల్ తీసేస్తే 150 బ్లాకుల ఖాళీ ఏర్పడుతుంది. మరోటి తీసేస్తే ఇంకోచోట 225. ఆ రెండింటి మధ్యలో వేరే టేబుల్ కూర్చుని ఉంది. ఇప్పుడు ఇంకో టేబుల్ వచ్చి 340 బ్లాకులు పక్కపక్కనే కావాలంటుంది. మొత్తం కలిపితే 375 ఖాళీ ఉంది. ఇవ్వడానికి మాత్రం వీల్లేదు. ఓఆర్‌ఏ-01653 అనే ఎర్రర్ వచ్చి పని ఆగిపోతుంది. జాగా ఉండి కూడా జాగా లేదని చెప్పాల్సిన పరిస్థితి అది.

ఎక్కడి లెక్క అక్కడే

1999లో వచ్చిన 8ఐ ఈ లెక్కను కేంద్ర పట్టికల నుంచి తీసి టేబుల్‌స్పేస్ చేతికే ఇచ్చింది. ప్రతి డేటా ఫైలు మొదట్లో చిన్న పటం ఉంటుంది. దాన్ని బిట్‌మ్యాప్ అంటారు. ఒక్కో ముక్కకు ఒక్కో బిట్. ముక్క నిండి ఉంటే 1, ఖాళీగా ఉంటే 0. జాగా కావాల్సినవాళ్లు ఆ ఫైలు దగ్గరికే వెళ్లి, 0 ఉన్నచోట 1 పెట్టి, జాగా తీసుకుంటారు. మా ఊళ్లో ప్రతి క్వార్టర్ల లైను మొదట్లో ఒక బోర్డు పెట్టి, ఇంటికో గడి గీసి, ఖాళీ అయితే చెరిపేసి, చేరితే గుర్తు పెట్టినట్టు. ఒక లైనులో చేరేవాళ్లు ఇంకో లైనువాళ్ల కోసం ఆగక్కర్లేదు.

ఆ పటం ఎంత చిన్నదో చూడండి. ఒక్కో ఎక్స్‌టెంట్ 1 మెగాబైట్ అనుకుందాం. 1 గిగాబైట్ స్థలానికి 1024 ఎక్స్‌టెంట్లు, అంటే 1024 బిట్లు. 8 బిట్లు ఒక బైట్ కాబట్టి 128 బైట్లు. ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్ల చొప్పున అది 42 గుర్తుల చోటు. ఒక గిగాబైట్‌లో ఏది నిండింది, ఏది ఖాళీ అన్న లెక్క మొత్తం ఈ పేరాలో ఒక చిన్న వాక్యమంత జాగాలో ఇమిడిపోతుంది. బిట్ మార్చడానికి అన్‌డూ రాయనక్కర్లేదు. పక్కపక్కనే ఖాళీ అయిన ముక్కలను కలిపే పని వేరే ప్రక్రియ చేయనక్కర్లేదు. పటంలో రెండు 0లు పక్కపక్కన ఉంటే అవి కలిసి ఉన్నట్టే.

సైజుల గొడవ కూడా ఇక్కడే తీరింది. కొత్త పద్ధతిలో రెండే దారులు. అన్ని ఎక్స్‌టెంట్లూ ఒకే కొలతలో ఉండేట్టు యూనిఫామ్ పెట్టుకోవచ్చు. లేదా ఆటోఅలొకేట్‌కు వదిలేస్తే ఒరాకిల్ టేబుల్ పెరుగుదలను బట్టి 64 కిలోబైట్లు, 1 మెగాబైట్, 8 మెగాబైట్లు, 64 మెగాబైట్ల కొలతల్లో ఇస్తుంది. చిన్నవి పెద్దవాటిలో సరిగ్గా ఇమిడే కొలతలవి. ఒకరు ఖాళీ చేసిన చోట ఇంకొకరు సరిపోతారు. 2001లో వచ్చిన 9ఐ నుంచి కొత్త టేబుల్‌స్పేస్‌లకు ఇదే మామూలు పద్ధతి అయింది.

ఇది ఎక్స్‌టెంట్ల సంగతి. టేబుల్‌కు ఇప్పటికే ఇచ్చిన బ్లాకుల్లో ఎందులో చోటుంది అన్న మొదటి ప్రశ్న ఇంకా మిగిలింది. పాత పద్ధతిలో దానికి ఫ్రీలిస్ట్ ఉండేది. చోటున్న బ్లాకులను గొలుసులా ఒకదానికొకటి తగిలించి, ఆ గొలుసు కొసను టేబుల్ మొదటి బ్లాకులో ఉంచేవాళ్లు. పదిమంది ఒకేసారి వరుసలు చేరిస్తే పదిమందీ ఆ ఒక్క కొసనే పట్టుకునేవారు. 9ఐ దీనికీ బిట్‌మ్యాప్ పెట్టింది. ఆటోమేటిక్ సెగ్మెంట్ స్పేస్ మేనేజ్‌మెంట్ అని పేరు. పొట్టిగా ఏఎస్‌ఎస్‌ఎం అంటాం. ప్రతి బ్లాకు ఎంత నిండిందో అందులో స్థూలంగా ఉంటుంది: పూర్తిగా నిండింది, పావు కంటే తక్కువ ఖాళీ, పావు నుంచి సగం, సగం నుంచి ముప్పావు, ముప్పావు పైన, ఇంకా వాడనిది. వరుసలు చేర్చే సెషన్లు వేర్వేరు బ్లాకుల వైపు వెళ్లిపోతాయి. అప్పటిదాకా మేం చేత్తో సరిచేస్తూ వచ్చిన ఫ్రీలిస్టుల సంఖ్య, పీసీటీ యూజ్డ్ వంటి విలువలతో ఇక పనిలేదు.

ఉన్నచోటే మార్చడం, కొత్తచోటికి మారడం

ఇప్పుడు అసలు సంగతి. పాత పద్ధతిలో ఉన్న టేబుల్‌స్పేస్‌ను కొత్త పద్ధతికి తేవడానికి ఒరాకిల్ ఒక తేలిక దారి ఇచ్చింది. డీబీఎంఎస్ స్పేస్ అడ్మిన్ అనే ప్యాకేజీలో ‘టేబుల్‌స్పేస్ మైగ్రేట్ టు లోకల్’ అనే ప్రొసీజర్ ఉంది. టేబుల్‌స్పేస్ పేరు చెప్పి నడిపితే చాలు. కేంద్ర పట్టికల్లోని పద్దులను చదివి, ఫైల్లో కొంచెం ఖాళీ చూసుకుని బిట్‌మ్యాప్ కట్టి, లెక్కను అక్కడికి మార్చేస్తుంది. డేటా ఒక్క బ్లాకు కూడా కదలదు. అందుకే త్వరగా అయిపోతుంది. చాలా ఆఫీసుల్లో ‘మైగ్రేషన్ పూర్తయింది’ అని రాసుకుని ఫైలు మూసేది ఇక్కడే.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఇది సగం పనే. లెక్క పుస్తకం మారింది, ఇళ్లు మారలేదు. పాత ఎక్స్‌టెంట్లు ఆ చిత్రవిచిత్రమైన సైజుల్లోనే, ఆ చోట్లలోనే ఉన్నాయి. ఇకముందు పెరిగే టేబుళ్లు కూడా యూనిఫామ్‌గానో ఆటోఅలొకేట్‌గానో పెరగవు. డేటాబేస్ తన జాబితాలో అలాంటి టేబుల్‌స్పేస్‌కు ‘యూజర్’ అని వేరే రకంగా గుర్తు పెట్టుకుంటుంది.

బిట్‌మ్యాప్‌లో ఒక్కో బిట్ ఎన్ని బ్లాకులకు గుర్తు కావాలో ఎలా నిర్ణయిస్తుందో చూస్తే ఇది స్పష్టమవుతుంది. మనం ఏ కొలతా చెప్పకపోతే అది ఆ టేబుల్‌స్పేస్‌లో ఉన్న అన్ని ఎక్స్‌టెంట్ల సైజులకూ గసాభా కడుతుంది. బడిలో నేర్చుకున్న గసాభాయే. ఇందాకటి 100, 150, 225 తీసుకోండి. గసాభా 25. అంటే 25 బ్లాకులకు ఒక బిట్. వాటి పక్కన 340 చేరితే గసాభా 5కు పడిపోతుంది. ఒక్క సరిపడని ఎక్స్‌టెంట్ చేరితే పటం అంతా అయిదు రెట్లు సన్నగా గీయాల్సి వస్తుంది. పాత గందరగోళం కొత్త పటంలోకి అలాగే వచ్చి కూర్చుంటుంది.

ఏఎస్‌ఎస్‌ఎం విషయంలో అయితే ఈ తేలిక దారి అసలు లేదు. టేబుల్‌స్పేస్‌ను కట్టేటప్పుడే ఆటో అనో మాన్యువల్ అనో చెప్పాలి. ఆ తర్వాత మార్చుకోవడం కుదరదు. మాన్యువల్‌లో ఉన్న టేబుల్ ఆటోకు రావాలంటే కొత్త టేబుల్‌స్పేస్ కట్టి, అందులోకి మారడమే.

కాబట్టి పూర్తి పని అంటే ఇది. సరైన కొలతలతో కొత్త టేబుల్‌స్పేస్ కట్టాలి. ఒక్కో టేబుల్‌ను ఆల్టర్ టేబుల్ మూవ్ కమాండ్‌తో అందులోకి తేవాలి. పాతది ఖాళీ అయ్యాక తీసేయాలి. కష్టమంతా మధ్యలో ఉంది. ఒరాకిల్‌లో ప్రతి వరుసకు రోఐడీ అనే చిరునామా ఉంటుంది. అది ఏ ఫైలు, ఏ బ్లాకు, బ్లాకులో ఎన్నోది అన్న సంగతుల మీద ఆధారపడుతుంది. టేబుల్ కదిలితే ఆ చిరునామాలన్నీ మారిపోతాయి. వరుసలను త్వరగా వెతకడానికి కట్టే ఇండెక్సులు పాత చిరునామాలనే రాసుకుని ఉంటాయి కాబట్టి ‘అన్‌యూజబుల్’ అయిపోతాయి. వాటిని మళ్లీ కట్టేదాకా ఆ టేబుల్ మీద పని సరిగా జరగదు.

ఒక శనివారం రాత్రి

నాన్న నా పక్కన కూర్చున్న ఆ పనిలో వరస ఇలా పెట్టుకున్నాం. ముందు బ్యాకప్. తీసి ఊరుకోవడం కాదు, దాన్ని వేరే సర్వర్ మీద రీస్టోర్ చేసి, తెరిచి, ఖాతాల టేబుల్లో మొత్తాలు కూడి చూశాం. తర్వాత జాగా. పాతదీ కొత్తదీ కొంతసేపు పక్కపక్కనే ఉండాలి కాబట్టి అతి పెద్ద టేబుల్‌కూ, దాని ఇండెక్సులకూ సరిపడా ఖాళీ ముందే ఏర్పాటు చేశాం. ఆ తర్వాత టేబుళ్ల జాబితా. ఎక్స్‌టెంట్లు ఎన్ని ఉన్నాయో, ఎంత జాగా పట్టిందో చూసి మూడు గుంపులు చేశాం. చిన్నవాటికి చిన్న కొలత, మధ్యరకానికి మధ్య కొలత, పెద్దవాటికి పెద్ద కొలత.

లాంగ్ రకం గడి ఉన్న టేబుళ్లను మూవ్ కమాండ్ కదపలేదు. పాత సాఫ్ట్‌వేర్లలో రిమార్కులు, చిరునామాలు ఆ రకం గడుల్లోనే పెట్టేవాళ్లు. వాటిని ముందే ఏరి, ఎక్స్‌పోర్ట్ చేసి, కొత్తచోట ఇంపోర్ట్ చేసేలా విడిగా రాసుకున్నాం.

బ్రాంచీల పని ముగిశాక మొదలుపెట్టాం. టేబుల్ కదపడం, దాని ఇండెక్సులు కట్టడం, వరుసల లెక్క పాత లెక్కతో సరిచూడడం. ఇవి మూడూ అయ్యాకే ఇంకో టేబుల్. అన్నీ ఒకేసారి కదిపి ఆఖర్న ఇండెక్సులు కట్టుకోవచ్చు గానీ, మధ్యలో ఆపాల్సి వస్తే ఏది ఎక్కడుందో చెప్పలేం. ఒక్కో టేబుల్‌నూ పూర్తిచేసుకుంటూ పోతే ఏ క్షణంలో ఆపినా డేటాబేస్ పనిచేసే స్థితిలోనే ఉంటుంది. చివరగా అన్‌యూజబుల్ ఇండెక్సులు మిగిలాయా, ఇన్‌వ్యాలిడ్ ప్రొసీజర్లు ఉన్నాయా అని రెండు జాబితాలు తీసి చూశాం. రెండూ ఖాళీగా వచ్చాకే ఆప్టిమైజర్ గణాంకాలు తాజా చేసి, పాత టేబుల్‌స్పేస్ తీసేశాం. ఆ నెలాఖరు రాత్రి ఆగిన సెషన్ల జాబితాలో ఆ తాళం పేరు ఒక్కసారి కూడా రాలేదు.

ఇప్పుడైతే ఇంకొన్ని సౌకర్యాలు వచ్చాయి. 9ఐ నుంచే డీబీఎంఎస్ రీడెఫినిషన్ ప్యాకేజీతో జనం వాడుతుండగానే టేబుల్‌ను మార్చుకునే వీలుంది. 12సీ రెండో విడుదల నుంచి మూవ్ కమాండ్‌కే ఆన్‌లైన్ అని చేర్చితే ఇండెక్సులు చెడిపోకుండా టేబుల్ కదులుతుంది. సిస్టమ్ టేబుల్‌స్పేస్ విషయంలో మాత్రం జాగ్రత్త కావాలి. దాన్ని కొత్త పద్ధతికి తెచ్చే వీలు 9ఐ రెండో విడుదలలో వచ్చింది. అది ఒకసారి మారితే వెనక్కి తేలేం. పాత పద్ధతిలో మిగిలిన టేబుల్‌స్పేస్‌లలో ఆపైన ఏమీ రాయలేం, చదవడానికి మాత్రమే పనికొస్తాయి. అందుకే అన్నింటినీ మార్చి, సిస్టమ్‌ను ఆఖర్న పెట్టుకోవాలి.

అందరూ నడిచిన దారే

ఇది ఒక్క ఒరాకిల్ కథ కాదు. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో 2009 దాకా ఖాళీల లెక్కంతా మెమరీలో ఒక స్థిరమైన సైజు పట్టికలో ఉండేది. ఆ సైజు చాలకపోతే కొన్ని ఖాళీలు లెక్కలోంచి జారిపోయేవి. జాగా ఉన్నా కొత్త జాగా అడుగుతూ టేబుళ్లు ఉబ్బిపోయేవి. 8.4 వెర్షన్‌లో ప్రతి టేబుల్‌కూ దాని పక్కనే సొంత ఖాళీల పటం ఫైలు పెట్టారు. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ కూడా 2013లో వచ్చిన 5.6 వెర్షన్ నుంచి ఇన్నోడీబీ టేబుళ్లను ఒక్కోదాన్ని ఒక్కో ఫైల్లో పెట్టడం మామూలు పద్ధతి చేసింది. లినక్స్‌లో ఎక్స్‌ట్-4 ఫైల్ వ్యవస్థ 2008 చివర స్థిరపడి, ఫైళ్ల చోటును ఎక్స్‌టెంట్లుగా రాయడం మొదలుపెట్టింది.

వీటన్నిట్లోనూ నాకు ముఖ్యంగా కనపడేది ఒకటే. మైఎస్‌క్యూఎల్‌లో ఆ సెట్టింగ్ మార్చినంత మాత్రాన పాత టేబుళ్లు ఉమ్మడి ఫైలు వదిలి బయటికి రావు. వాటిని తిరిగి కట్టాలి. కట్టినా ఆ ఉమ్మడి ఫైలు తనంతట తాను చిన్నది కాదు. ఎక్స్‌ట్-3ని ఎక్స్‌ట్-4గా మార్చితే పాత ఫైళ్లు పాత పద్ధతిలోనే ఉండిపోతాయి. తిరిగి రాస్తేనే కొత్త పద్ధతికి వస్తాయి. పద్ధతిని మార్చడం ఒక పని, పద్ధతి కిందికి సరుకును తేవడం ఇంకో పని. రెండోది కష్టం, ఖర్చు. అందుకే వాయిదా పడుతుంది.

కొత్తదైనంత మాత్రాన అన్నిచోట్లా మేలు చేస్తుందని కూడా నేను చెప్పను. ఏఎస్‌ఎస్‌ఎం వరుసలను వేర్వేరు బ్లాకులకు చెదరగొడుతుంది. ఒకేసారి చాలామంది రాసేచోట అదే దాని బలం. తేదీ వరసలో వచ్చిన డేటాను తేదీ వరసలోనే చదివే టేబుళ్లలో మాత్రం ఆ చెదరడం వల్ల ఇండెక్సు ద్వారా చదవడం కొంచెం ఖరీదవుతుంది. చాలా చిన్న టేబుళ్లకు పటం బ్లాకులే అదనపు భారం. వందల మంది ఒకేసారి రాసే ఆఫీసుకు ఇవి చిన్న సంగతులు. అయినా తెలిసి మార్చుకోవాలి.

ఇప్పుడు ఏం చేయాలి

పాత సర్వర్లు మన ఆఫీసుల్లో తొందరగా రిటైర్ కావు. పనిచేస్తున్నదాన్ని ముట్టుకోవద్దన్నది మనందరి అలవాటు. సాఫ్ట్‌వేర్ వెర్షన్ పెంచుతూ పోయినా, లోపల టేబుల్‌స్పేస్‌లు మాత్రం కట్టిన రోజు పద్ధతిలోనే ఉండిపోతాయి. 10జీ రెండో విడుదల నుంచి కొత్తగా కట్టే టేబుల్‌స్పేస్‌లు వాటంతట అవే ఏఎస్‌ఎస్‌ఎంతో వస్తాయి గానీ, పాతవి ఎవరో ఒకరు పూనుకుంటే తప్ప మారవు.

మీ ఆఫీసులో ఒరాకిల్ ఉంటే డీబీఏ టేబుల్‌స్పేసెస్ అనే వ్యూలో మూడు గడులు చూడమని మీ అడ్మినిస్ట్రేటర్‌కు చెప్పండి. ఎక్స్‌టెంట్ మేనేజ్‌మెంట్ గడిలో డిక్షనరీ అని ఉంటే అది ఇంకా పాత పద్ధతి. అలొకేషన్ టైప్ గడిలో యూజర్ అని, పక్కన లోకల్ అని ఉంటే ఉన్నచోటే మార్చి వదిలేశారని అర్థం. సెగ్మెంట్ స్పేస్ మేనేజ్‌మెంట్ గడిలో మాన్యువల్ అని ఉంటే ఇంకా ఫ్రీలిస్టులే నడుస్తున్నాయి. సిస్టమ్, అన్‌డూ, టెంపరరీ టేబుల్‌స్పేస్‌లకు మాన్యువల్ ఉండటం మామూలే, వాటిని చూసి కంగారు పడొద్దు. ఈ జాబితా తీయడానికి ఒక నిమిషం పడుతుంది. ప్రజల పొలాలు, పొదుపులు, పింఛన్లు లెక్కలో ఉన్న ఏ ఆఫీసుకూ ఆ నిమిషం దొరకదని చెప్పడానికి వీల్లేదు.

మాచర్ల, గురజాల, నరసరావుపేట కాలేజీల్లో డేటాబేస్ చదువుతున్న పిల్లలకూ ఒక మాట. కమాండ్లు ఇప్పుడు ఎక్కడైనా దొరుకుతాయి. వరుస రాసినప్పుడు అది ఏ బ్లాకులోకి వెళ్లిందో, ఎందుకు అక్కడికే వెళ్లిందో ఒకసారి మీ సొంత కంప్యూటర్లో చూసుకోండి. ఒరాకిల్ ఉచిత ఎడిషన్ ఉంది, పోస్ట్‌గ్రెస్ పూర్తిగా ఉచితం. ఒక టేబుల్ కట్టి, వెయ్యి వరుసలు చేర్చి, సగం తీసేసి, మళ్లీ చేర్చి చూస్తే ఖాళీ జాగా లెక్క ఏమిటో నోట్సు చెప్పలేనంత బాగా తెలుస్తుంది.

ఇక మార్పిడి పెట్టుకున్న ఆఫీసులకు. ఉన్నచోటే మార్చే ప్రొసీజర్‌ను మొదటి మెట్టుగా వాడుకోండి, ఆఖరి మెట్టుగా కాదు. ముఖ్యమైన టేబుళ్లను ఒక్కొక్కటిగా, వీలున్న వారాంతాల్లో కొత్త టేబుల్‌స్పేస్‌లోకి తెచ్చుకోండి. మొదలుపెట్టే ముందు బ్యాకప్ తీసి, దాన్ని వేరే మిషన్ మీద రీస్టోర్ చేసి, అంకెలు సరిపోయాయని కళ్లారా చూడండి. ఆ తర్వాతే మొదటి టేబుల్ కదపండి.